మా అమ్మాయి గది నేలకు ఇరవై స్టోన్లు

పదో తరగతి పాసైతే మేడమీద కట్టిన గది నీదేనని మా అమ్మాయికి మాటిచ్చాం. పాసైంది. అత్తెసరు మార్కులతో పాసై ఉంటే ఏదో ఒకటి చెప్పి కొన్నాళ్లు వాయిదా వేసేవాళ్లం. మంచి మార్కులతో పాసైంది కాబట్టి మాకు తప్పించుకునే దారి లేకపోయింది.

మా ఇల్లు సూరత్‌లో, ఉన్ అనే చోట. కింద రెండు గదులు. ఆ రెండు గదుల్లో మేం ముగ్గురం, ఒక కుట్టుమిషను, మావారి సైకిలు, చీరల మూటలు కలిసి కాపురం చేస్తాం. చీరలు మావి కావు. నేనూ పక్కింటి వదినా కలిసి వాటి మీద స్టోన్లు అతికిస్తాం. స్టోన్ అంటే పెద్ద రాయి కాదు. ఆవగింజ నుంచి పెసరగింజ దాకా ఉండే మెరుపు రాయి. అడుగు చదునుగా ఉంటుంది, పైన కోణాలుంటాయి. చీర మీద జిగురు చుక్క పెట్టి, కొసకు మైనం అంటించిన పుల్లతో స్టోన్‌ని ఎత్తి, ఆ చుక్క మీద కూర్చోబెట్టాలి. అట్లా ఒక్కో చీర మీద వందలు.

మెరుపులో చాలా భాగం చీరతోపాటు మార్కెట్‌కు వెళ్లిపోతుంది. కొంత మా ఇంట్లోనే ఉండిపోతుంది. అన్నం కంచంలో, దిండు కింద, మావారి చెవి వెనక, ఎక్కడ చూసినా స్టోన్లే. మా అమ్మాయి ఆరో తరగతిలో ఉండగా ఒకరోజు టీచరు ఆమెను నిలబెట్టి, బడికి సింగారం చేసుకుని రావచ్చా అని అడిగిందట. నిద్రలో బుగ్గకు అంటుకున్న స్టోన్ అది. ఆ రోజు నుంచీ స్టోన్లంటే మా అమ్మాయికి కోపం. అవి తన మీద పగబట్టాయని ఆమె నమ్మకం.

గది కట్టడం అయిపోయింది. తలుపు పెట్టాం, కిటికీలు పెట్టాం. నేల మాత్రం వట్టి సిమెంటు. ఏం వేయించాలన్నది తేలాల్సి ఉంది. ఒకరోజు సాయంత్రం నేను టీ వడపోస్తుంటే మా అమ్మాయి వచ్చి వంటగట్టుకు ఆనుకుని నిలబడింది.

“అమ్మా, ఒక్క మాట అడుగుత. గా రూమ్ నాదేనా?”

“నీదే. మాటిచ్చినం గదా.”

“పగటిపూట గూడ నాదేనా?”

నేను టీ గ్లాసుల వైపు చూశాను. “పగటిపూట నువ్వు స్కూల్ల ఉంటవ్ గదనే,” అన్నాను. ఇక్కడ పదకొండో తరగతి కూడా స్కూల్లోనే.

“గదే! నాకు దెల్సు. నేనట్ల స్కూల్‌కి పోంగనే ఇట్ల నువ్వు, అత్త మూటలు పైకి ఎక్కిస్తరు. నేనొచ్చేసరికి నా మంచం మీద ఎవరి పెండ్లి చీరనో పండుకోని ఉంటది. ‘జిగురు ఆరలే, ముట్టకు’ అంటవ్.”

“గట్లేం గాదు.”

“ప్రామిస్?”

“టీ చల్లారుతది, తాగు,” అన్నాను.

నిజం చెప్పాలంటే, ఆ గదికి రెండు పెద్ద కిటికీలున్నాయి. కింద మాకు మధ్యాహ్నం పూట కూడా లైటు వేస్తే తప్ప సూదిలో దారం కనబడదు. కిటికీలు పెట్టిన రోజు పైకి వెళ్లి నిలబడినప్పుడు నాకు ముందుగా కనబడింది ఆ వెలుతురే. మంచం ఎక్కడ వేయాలన్న ఆలోచన ఆ తర్వాత వచ్చింది. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. నాకు నేను కూడా గట్టిగా చెప్పుకోలేదు.

నేల సంగతి మాత్రం శాస్త్రప్రకారం తేల్చాలనుకున్నాను. శాస్త్రమంటే లైబ్రరీ.

నేను బడిలో చదివింది ఏడో తరగతి వరకే. మిగతాదంతా నేనే చదువుకున్నాను. పెళ్లయి సూరత్ వచ్చాక షాపుల బోర్డులు చూసి గుజరాతీ అక్షరాలు పట్టుకున్నాను. హిందీ అక్షరాల నెత్తి మీది గీత తీసేస్తే సగం గుజరాతీ వచ్చేస్తుందని నాకు ఎవరూ చెప్పలేదు. బస్సులో కూర్చుని నేనే కనిపెట్టాను. తర్వాత పేపరు, ఆ తర్వాత మున్సిపాలిటీ లైబ్రరీ కార్డు. తెలుగు పుస్తకాలు కావాలంటే మన తెలుగువాళ్ల సంఘం గదిలో ఒక బీరువా ఉంది. దానిలో ఎవరెవరో ఇచ్చినవి ఏవేవో ఉంటాయి. నేను వాటిని పై అర నుంచి వరసగా చదువుకుంటూ వచ్చాను. తేనెటీగల గురించి చదివాను, గ్రహణాల గురించి చదివాను. మూత్రపిండాలు ఎట్లా పనిచేస్తాయో చదివి మావారికి వివరంగా చెప్పాను. ఆయన భయపడి వారం రోజులు చెంబులకు చెంబులు నీళ్లు తాగారు.

చదవడానికి చోటు లేకపోవడమే నాకున్న ఇబ్బంది. పుస్తకాన్ని బియ్యం డబ్బా మీద పెడతాను. చీరల మూట వస్తే అది మూట కిందికి పోతుంది. ఒకసారి మున్సిపాలిటీ లైబ్రరీ పుస్తకాన్ని తిరిగి ఇచ్చేటప్పుడు చూసుకోలేదు, దాని అట్ట మీద మూడు స్టోన్లు అతుక్కుని ఉన్నాయి. లైబ్రరీ ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూశాడు. “బేన్, మా పుస్తకానికి పెళ్లి చేసి పంపారా?” అని అడిగాడు. బేన్ అంటే అక్కయ్య.

ఆయననే అడిగి ఇళ్ల నిర్మాణం గురించి ఒక లావుపాటి గుజరాతీ పుస్తకం తెచ్చుకున్నాను. సగం అర్థమైంది. ఆ సగం చాలు, చాలామందికి అది కూడా తెలియదు. పాలరాతి మీద పులుపు పడితే మచ్చ పడుతుందని, కొన్ని రకాల బిళ్లలు నీటిని పీలుస్తాయని, మెత్తటి రాయి మీద మేకుతో గీస్తే గీత పడుతుందని తెలుసుకున్నాను. గదిలో ఎవరుంటారో, వాళ్లు అక్కడ ఏం పని చేస్తారో చూసి నేలను ఎంచుకోవాలని కూడా ఉంది. ఈ మాట నాకు బాగా నచ్చి భోజనాల దగ్గర రెండుసార్లు చదివి వినిపించాను. అప్పుడు అది నాకే ఎదురు తిరుగుతుందని తెలియదు.

ఆదివారం ముగ్గురం కామ్‌రేజ్ బయల్దేరాం. హైవే పక్కన టైల్స్ గోడౌన్లు వరసగా ఉన్నాయని, అక్కడైతే అన్ని రకాలూ ఒక్కచోట చూడొచ్చని మావారి తోటి కార్మికుడు చెప్పాడు. నా సంచిలో ఒక నిమ్మకాయ, ఒక ఇనుప మేకు, నీళ్ల సీసా, ఒక స్టోన్ల పాకెట్ పెట్టుకున్నాను. స్టోన్ల పరీక్ష పుస్తకంలో లేదు, అది నేను సొంతంగా కలిపింది. నేల మీద పడ్డ వస్తువు ఎంత తొందరగా కనబడితే ఆ నేల అంత మంచిదని నా సిద్ధాంతం. అది ఏ గదికైనా వర్తిస్తుందని అనుకున్నాను.

షాపాయన గుజరాతీ. పెద్ద పొట్ట, మంచి మాట. “ఆవో బేన్, ఆవో భాయ్” అని కుర్చీలు వేయించి టీ తెప్పించాడు. నేను టీ తాగి, లేచి వెళ్లి, తెల్లగా మెరుస్తున్న పాలరాయి ముందు నిలబడి సంచిలోంచి నిమ్మకాయ తీశాను.

ఆయన ముఖం మారిపోయింది. ఆయన గుమ్మానికే నిమ్మకాయా మిరపకాయలూ కట్టిన దండ వేలాడుతోంది. దిష్టి సంగతి ఆయనకు తెలుసు. బయటివాళ్లు నిమ్మకాయ తెచ్చి షాపు మధ్యలో కోయడం మాత్రం ఎప్పుడూ చూసి ఉండడు.

“బేన్, యే క్యా కర్ రహే హో?”

“టెస్ట్,” అన్నాను.

“కిస్ కా టెస్ట్?”

నేను నిమ్మచెక్క పిండాను. ఆయన రెండు అడుగులు వెనక్కి వేసి, చెప్పులు విప్పి, గోడకున్న దేవుడి పటం వైపు తిరిగి దండం పెట్టుకున్నాడు. మా అమ్మాయి రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

“అమ్మా, వాపస్ పోదాం. నాకు రూమ్ గూడ వద్దు, ఏం వద్దు.”

“సైన్సే ఇది. నీ పుస్తకంల గూడ ఉంటది చూడు.”

“ఉంటది. గని మేం ల్యాబ్‌ల చేస్తం, దుకాన్ల చెయ్యం!”

ఇంతలో షాపు అవతలి మూల నుంచి కాలిన వాసన వచ్చింది.

మావారు జోల్వా అనే చోట మరమగ్గాల మీద పనిచేస్తారు. టైల్స్ ముందు ఆయన కొత్త అల్లుడిలా బెరుకుగా నిలబడ్డారు. కానీ మూలన నేల మీద పరిచే వినైల్ షీట్ల చుట్టలు కనబడగానే ముఖం వెలిగిపోయింది. చుట్ట అంటే ఆయన లెక్కలో బట్ట తానే. నేరుగా వెళ్లి అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపారు. వెలుతురుకు ఎత్తి చూశారు. పన్నా, అంటే వెడల్పు, ఎంత అని అడిగారు. నీళ్లు తగిలితే ఎంత గుంజుకుంటుందని అడిగారు. ఏమీ గుంజుకోదని షాపులోని పనావిడ చెబితే నమ్మలేదు. చివరికి ఇన్నేళ్లుగా ఏ కొత్త దారం చేతికొచ్చినా చేసే పనే చేశారు. శాంపిల్ ముక్క చేతిలోకి తీసుకుని, జేబులోంచి అగ్గిపెట్టె తీసి, కొసకు నిప్పంటించారు.

కాల్చి చూస్తే ఏ దారమో తెలిసిపోతుంది. నూలైతే బూడిదవుతుంది, పాలిస్టరైతే కరిగి ఉండ కడుతుంది. ఇది మా వాళ్లలో పిల్లలకు కూడా తెలుసు. షాపాయనకు మాత్రం తెలియదు.

“అరే భాయ్, ఆగ్! దుకాన్ మే ఆగ్!”

“ఏం గాదు సేఠ్,” అన్నారు మావారు. మగ్గాల చప్పుడులో పనిచేసే వాళ్లంతా గట్టిగా మాట్లాడతారు, ఆ గోడౌన్‌లో అది ఇంకా గట్టిగా మోగింది. ఊది ఆర్పి, వాసన చూసి, తల అడ్డంగా ఊపి నాతో అన్నారు. “పాలిస్టర్ గాదు. నూలు గాదు. ఏందో గిది. నాకు నమ్మకం లేదే.”

వినైల్ అట్లా పోయింది. పాలరాయి నిమ్మకాయతో పోయింది. షాపాయన మేము తొందరగా ఏదో ఒకటి కొనుక్కుని వెళ్లిపోతే చాలు అన్నట్టు మా వెంటే తిరగసాగాడు. అప్పుడు నేను స్టోన్ల పాకెట్ తీశాను.

మొదట కోటా రాయి. ఆకుపచ్చ కలిసిన బూడిద రంగు, నిగనిగలు లేవు, పటిష్ఠమైన రాయి. లెక్కపెట్టి ఇరవై స్టోన్లు దాని మీద చల్లాను. మోకాళ్ల మీద కూర్చుని ఏరాను. ఇరవైకి ఇరవై దొరికాయి. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. తర్వాత అద్దంలాంటి తెల్ల టైలు. తొమ్మిది దొరికాయి. చెక్క రంగు టైలు మీద పదిహేడు. మూడో పరీక్షకల్లా షాపాయన కూడా కుతూహలం పట్టలేక నేల మీద కూర్చున్నాడు. పొట్ట అడ్డం వస్తున్నా ఒంగి ఏరాడు. “బేన్, ఏక్ ఔర్ మిలా!” అని పిల్లాడిలా చేయెత్తి చూపించాడు. మావారు నిలబడి పైనుంచి దారి చూపించారు. మగ్గం మీద తెగిన పోగును పది అడుగుల దూరం నుంచి పట్టే కళ్లు ఆయనవి.

అంతవరకు సిగ్గుతో గోడ పక్కన నిలబడ్డ మా అమ్మాయి మెల్లగా దగ్గరికి వచ్చింది.

“అమ్మా, గీ టైల్ మీద గూడ ఎయ్యి,” అంది.

అది తెల్లని నేల మీద నలుపు, బూడిద, ఎరుపు, పసుపు చుక్కలు చల్లినట్టు ఉన్న టైలు. ఎవరో పప్పుల డబ్బాలన్నీ ఒకేసారి ఒలకబోసినట్టుంది. పిల్లకు ఇప్పటికి నా పరీక్ష విలువ తెలిసిందని పొంగిపోయాను. ఇరవై చల్లాను. నలుగురం వెతికాం. మావారు కూడా కిందికి దిగారు. చాలాసేపటికి నాలుగు దొరికాయి. ఐదోది దొరికిందని షాపాయన గోటితో గీకాడు. అది టైలు మీది చుక్క.

“ఇంక దొరుకవ్ గదా?” అని అడిగింది మా అమ్మాయి.

“దొరుకవ్.”

“పక్కానా?”

“పక్కా. పదహారు పోయినయ్.”

“అయితే నాకు గిదే గావాలె.”

“నీకేమన్న పిచ్చా? గిది అన్నిటికంటె ఫెయిల్ అయ్యింది.”

“నీ టెస్ట్‌ల ఫెయిల్. నా టెస్ట్‌ల ఫస్ట్.”

“నేల మీద పడ్డది ఏదైనా కనబడాలె. గదే ప్రాక్టికల్.”

“పడ్డది ఏదీ కనబడొద్దు, గదే ప్రాక్టికల్! నా ఎంటికలు, పెన్సిల్ చెక్కు, కారం సేవ్ ముక్కలు, ఏం పడ్డా కనబడద్దు. కనబడితె నువ్వు ఒర్రుతవ్. కనబడకుంటె మనిద్దరికీ శాంతి.”

“ఊడ్వకుండ ఉండనీకె గీ అక్కలంతా, గీ తెలివంతా?”

“అక్కల్ నీ బుక్‌లకెల్లి వచ్చిందే. రూమ్‌ల ఎవరుంటరో ఆళ్ల పని చూసి ఫ్లోర్ ఎయ్యాలన్నది గదా నీ బుక్? రెండుసార్లు చదివినవ్. జెప్పు, ఆ రూమ్‌ల ఎవరుంటరు?”

నేను మావారి వైపు తిరిగాను. “ఏమయ్యా, నువ్వన్న జెప్పు.”

మావారు చుక్కల టైలును వేలి కణుపుతో టకటక కొట్టారు. తర్వాత కోటా రాయిని కొట్టారు. మళ్లీ చుక్కల టైలును కొట్టారు. “రెండూ గట్టియే,” అన్నారు. ఆయన అన్ని గొడవల్లోనూ ఇట్లాగే మాట్లాడతారు.

“పప్పా, నువ్వు గూడనా!” అంది మా అమ్మాయి. ఇక్కడి పిల్లల్లాగే ఆమె ఆయనను పప్పా అనే పిలుస్తుంది. నేను మాత్రం అమ్మనే.

షాపాయన నేల మీద నుంచి లేవడానికి మావారి చెయ్యి పట్టుకుని, “బేన్, బేబీ కా రూమ్, బేబీ కా పసంద్,” అన్నాడు. నేను షాపాయనతో, రేపు ఫోన్ చేసి కోటా రాయే చెబుతానన్నాను. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మావారిని మధ్యలో కూర్చోబెట్టి మేమిద్దరం చెరో వైపు చూస్తూ వచ్చాం. ఆయన ఇద్దరికీ చెరికొన్ని వేరుశనక్కాయలు ఒలిచి పెట్టారు. ఇద్దరం తీసుకుని తిన్నాం.

మర్నాడు మా అమ్మాయి స్కూలుకు వెళ్లాక పక్కింటి వదిన వచ్చింది. ఆమెకు నేల గొడవ తెలియదు. గది చూద్దామంది. ఇద్దరం మెట్లెక్కాం. గుమ్మం దగ్గర సిమెంటు మీద, చీరలకు గుర్తులు పెట్టే సుద్దతో గుజరాతీలో ఏదో రాసి ఉంది. మా అమ్మాయికి తెలుగు చదవడం రాదు, ఏదైనా రాస్తే గుజరాతీలోనే రాస్తుంది. మా వదినకు గుజరాతీ మాట్లాడటం వచ్చు గానీ చదవడం రాదు.

“ఏం రాసిందే పిల్ల?”

‘స్టోన్లు లోపలికి తేరాదు’ అని రాసి ఉంది.

“చెప్పులు ఇడిచి రావాల్నట,” అన్నాను.

“మంచి పిల్ల! గీ వయసుల నా కొడుక్కి గింత సోయి లేకుండె,” అని వదిన చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్లు ఎత్తుకుని లోపలికి వెళ్లింది.

లోపల నేలంతా సుద్ద గీతలు. ఒక పొడవాటి గడి, దానికి తలవైపు దిండంత గడి. అది మంచం. గోడవారన బల్ల, దాని ముందు గుండ్రంగా కుర్చీ. తలుపు వెనక బట్టల చోటు. చదరాలన్నీ జానతో కొలిచి గీసినట్టున్నాయి. ఎప్పుడు గీసిందో. బహుశా పొద్దున్నే, నేను రొట్టెలు చేస్తున్నప్పుడు.

వదిన వీటిని పట్టించుకోలేదు. గది మధ్యలో నిలబడి ఒక చుట్టు తిరిగింది. “అబ్బబ్బ, ఏం ఎలుతురే! కింద గుడ్డిదానిలెక్క పుల్ల పట్టుకోని సస్తున్నం గదనే. ఇగో, నేను ఈడ కూసుంట,” అని మంచం మధ్యలో చతికిలబడింది. “నువ్వు ఆడ కూసో. నడుమ రెండు చీరలు పరిస్తే సరిపోతది. పిల్లకి మడత మంచం కొనుండ్రి, పొద్దుగాల్నే గోడకు నిలబెట్టొచ్చు. బల్లెందుకు? మంచం మీదనే సదువుకుంటది. మూటలన్ని గా మూలకు ఏస్తే కానరావు.”

ఆమె చెబుతున్న ప్రతి మాటా నాకు ముందే తెలుసు. ఒక్కటి కూడా కొత్తగా లేదు. కిటికీలు పెట్టిన రోజున నేను వెలుతురును చూసుకుంటూ మనసులో అమర్చుకున్నదంతా వదిన పైకి చెబుతోంది. ఆమె మంచి మనిషి. దాచుకోవడం తెలియదు. అంతే తేడా.

“ఇగ గీడ,” అని లేచి కిటికీ దగ్గరకు వెళ్లింది, “జిగురు డబ్బా పెట్టనీకె మంచిగుంది. చిన్నగ గడి గూడ గీసింది సూడు మీ పిల్ల.”

నేను దగ్గరికి వెళ్లాను. కిటికీ కింద, ఎడమ పక్క నుంచి వెలుతురు పడే చోట, ఒక పీట పట్టేంత చదరం ఉంది. అందులో గుజరాతీ అక్షరాల్లో రెండే మాటలు. ‘అమ్మ. బుక్.’

“గాడ పెట్టద్దు వదినా,” అన్నాను.

“ఎందుకే?”

“గాడ కాలు తియ్యి. తుడుచుకపోతది.”

ఆమె కాలు తీసి కిందికి చూసి, నా ముఖం చూసింది. “ఇదేం రాసింది? ఇది గూడ చెప్పుల సంగతేనా?”

గుమ్మం దగ్గర రాసిందేమిటో, ఇక్కడ రాసిందేమిటో రెండూ ఉన్నదున్నట్టు చదివి చెప్పాను. వదిన మెల్లగా వెళ్లి చెప్పులు వేసుకుంది. మెట్ల మీద మధ్యలో ఆగి, “పుస్తకాలు సదివి సదివి నువ్వు ఖరాబైనవ్. ఇంక పిల్లను గూడ జేసినవ్,” అంది. కిందికి దిగాక, “మీ ఆయనకు జెప్పి కింద ఇంకో లైటన్న పెట్టించు, తల్లీ,” అంది. నాకు ఆ ఆలోచన ఇన్నేళ్లలో ఎందుకు రాలేదో తెలియదు. ఏ పుస్తకంలోనూ లేదు మరి.

మధ్యాహ్నం షాపాయనకు ఫోన్ చేశాను. చుక్కల టైలే కావాలని చెప్పాను.

“ఫెయిల్ వాలా?”

“హా, ఫెయిల్ వాలా.”

“ఠీక్ ఛే, బేన్. డెలివరీ కే టైమ్ నింబూ మత్ లానా,” అన్నాడు, అంటే సరుకు దింపేటప్పుడు నిమ్మకాయ తేవొద్దని. మా స్టోన్లు పొద్దున ఊడిస్తే ఇంకా దొరికాయనీ, పనావిడ వాటిలో ఒకటి ఏరి బొట్టుగా పెట్టుకుందనీ కూడా చెప్పాడు.

సాయంత్రం మా అమ్మాయి రాగానే విషయం చెప్పాను. ఎగిరి గంతేస్తుందనుకున్నాను. బ్యాగు దించకుండా అనుమానంగా చూసింది.

“ఎందుకు ఒప్పుకున్నవ్?”

“నీ టెస్ట్‌ల ఫస్ట్ వచ్చింది గదా.”

“పైకి పోయినవా?”

“పోయిన.”

ఆమె బ్యాగుతోనే పైకి పరిగెత్తి, చూసి దిగి వచ్చింది.

“అత్త గూడ వచ్చిందా? బెడ్ మీద మొత్తం గీతలు తుడుచుకపోయినయ్.”

“అత్త జర కూసున్నది,” అన్నాను. “లేపిన.”

టైల్స్ వేయడానికి మూడు రోజులు పట్టింది. మావారు సెలవు పెట్టి దగ్గరుండి ప్రతి టైలునూ వేలి కణుపుతో కొట్టి, చప్పుడు విని, రెండింటిని మళ్లీ తీయించి వేయించారు. మేస్త్రీ విసుక్కున్నాడు. అయినా ఇవాళ్టికి ఒక్క టైలు కూడా కదలలేదు. ఆ తర్వాత కింద ట్యూబులైటు కూడా పెట్టారు. వదిన ఇప్పుడు దాని కింద కూర్చుని, కళ్లు చెదురుతున్నాయని ఫిర్యాదు చేస్తుంది.

నేను మొదటిసారి ఆ గదిలోకి పుస్తకం పట్టుకుని వెళ్లిన మధ్యాహ్నం బాగా గుర్తుంది. మా అమ్మాయి స్కూల్లో ఉంది. చీర కొంగు బయటే దులుపుకుని, చేతులు చూసుకుని, పీట మీద కూర్చున్నాను. భూకంపాల గురించిన పుస్తకం అది. రెండు పేజీలు చదివానో లేదో మోచేతి దగ్గర నుంచి ఏదో రాలినట్టనిపించింది. స్టోన్. ఎంత దులుపుకున్నా ఒకటి మిగిలింది. అలవాటుకొద్దీ కిందికి ఒంగాను. నలుపు, బూడిద, ఎరుపు, పసుపు చుక్కలు. అరచేత్తో తడిమాను. చెంప నేలకు ఆనించి అడ్డంగా చూశాను. దొరకలేదు. కింద నుంచి వదిన కేకేసింది.

“ఏం జేస్తున్నవే? జిగురు ఆరిపోతున్నది!”

“స్టోన్ పడ్డది, లెంకుతున్న!”

“దొరికినంక రా!” అంది వదిన.

నేను లేచి పీట మీద కూర్చుని పుస్తకం తెరిచాను. భూమి లోపలి పొరలు ఎట్లా కదులుతాయో చెప్పే అధ్యాయమంతా పూర్తిచేశాను. మధ్యలో వదిన ఇంకో రెండుసార్లు కేకేసింది. ఇంకా దొరకలేదని నిజమే చెప్పాను.

సాయంత్రం నేను మళ్లీ పుస్తకంతో పీట మీద ఉండగా మా అమ్మాయి వచ్చి, గుమ్మం బయట చెప్పులు విడిచి లోపలికి నడిచింది. మూడో అడుగుకు “అమ్మా!” అని కెవ్వున అరిచి ఒంటికాలి మీద గెంతింది. అరికాలు పైకెత్తి చూస్తే, మడమ దగ్గర, కోణాలు లోపలికి తిరిగి, చక్కగా మెరుస్తూ అతుక్కుని ఉంది.

“గిదేంది? గిదేంది అమ్మా? స్టోన్లు తేవద్దని రాసిన గదా!”

“నేను లెంకిన, దొరకలే,” అన్నాను. “టైల్ నువ్వే తెచ్చుకుంటివి.”

ఆమె మంచం మీద కూర్చుని కాలు నా ఒళ్లో పెట్టింది. నేను గోటితో దాన్ని మెల్లగా తీసి, పుస్తకం గుర్తు కోసం పెట్టుకున్న కాగితంలో మడిచిపెట్టాను. తర్వాత కిందికి వెళ్లి, నోటుపుస్తకంలో నేల పరీక్షలు రాసుకున్న పేజీ తీసి, నిమ్మకాయ, మేకు, నీళ్లు, స్టోన్ల కింద ఇంకొకటి రాశాను. ఒట్టి కాళ్లతో నడిచి చూడాలి.